ఎర్ర గుర్తు పడిన వంశవృక్షాలు

దెయ్యం పట్టిందని మనుషుల్ని మురుగమల్ల దర్గాకు తీసుకుపోయే బస్సులో కూర్చుని, "ముందు డాక్టరుకు చూపించండి" అని వాళ్ళతో వాదన పెట్టుకున్న మనిషిని నేను. ఒకసారి కండక్టరు నన్ను మధ్యలో దించేస్తానన్నాడు. దించమన్నాను. దించలేదు. నేను బి.ఎస్సీ. గణితం చదివాను. కళ్ళతో చూసినదానికి కూడా కారణం దొరికేదాకా ఒప్పుకోను. గొప్పకు చెప్పడం లేదు. కింద రాసింది చదివి "పాపం, వయసు మీద పడింది" అనుకోబోయేవాళ్ళు ముందే తెలుసుకోవాలని చెప్తున్నాను.

చింతామణి తాలూకా ఆఫీసుకు ఎదురు వరసలో నాకు టైపింగు, జెరాక్సు షాపు ఉండేది. మా జిల్లా కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం అయిన కొత్తరోజులు. అర్జీలు, అఫిడవిట్లు అన్నీ చేసేవాళ్ళం గానీ, షాపును నిలబెట్టింది మాత్రం వంశవృక్షం.

తెలియనివాళ్ళకు చెప్తాను. ఇంటి పెద్ద పోయాక భూమి వారసుల పేరుకు మారాలంటే ఒక కాగితం కావాలి. పోయినాయన పేరు పైన రాసి, కింద భార్య, పిల్లలు, మనవలు, గీతలు గీసి కన్నడంలో టైపు చేస్తే, గ్రామ లెక్కాధికారి విచారించి సంతకం పెడతాడు. ఆ చెట్టు గీయడానికి పల్లెలనుంచి పొద్దున్నే వచ్చి మా బెంచీ మీద కూర్చునేవాళ్ళు.

టైపు చేసేది గిరిజ. ఎనిమిదేళ్ళు నా దగ్గర పనిచేసింది. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ కీబోర్డు చూడకుండా కొట్టేది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. పేర్లన్నీ టైపు అయ్యాక, ప్రింటు ఇచ్చే ముందు, వచ్చినవాళ్ళ వైపు తిరిగి మెల్లగా అడిగేది.

"చిన్నప్పుడే పోయిన బిడ్డలు ఎవరైనా ఉండారా? ఉంటే చెప్పండమ్మా, రాస్తాను."

పాలు తాగే వయసులో పోయినవాళ్ళ పేర్లు ఆ కాగితానికి ఎవరూ రాయించరు. వాళ్ళకు భూమి ఎందుకు? ఆఫీసువాళ్ళూ అడగరు. గిరిజ అడిగేది. ఒక్కసారే అడిగేది. లేరంటే తల ఊపి ప్రింటు ఇచ్చేది. ఉన్నారంటే ఆ బిడ్డకూ ఒక గీత గీసి, పేరు రాసి, పక్కన మృతి అని పెట్టేది. మగవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం పని అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవకుండా కాసేపు అట్లాగే కూర్చునేవాళ్ళు.

ఆమె ఎందుకు అడిగేదో నాకు తెలుసు. శిడ్లఘట్ట తాలూకా సాదలి ఆమె అత్తగారి ఊరు. పెళ్ళయిన రెండో ఏడు మగబిడ్డ పుట్టి ఎనిమిది రోజులకు పోయాడు. మళ్ళీ పిల్లలు కలగలేదు. మామగారు పోయినప్పుడు ఆ ఇంటి వంశవృక్షం మా షాపులోనే చేసింది. తన కింద ఒక గీత గీసింది. మొగుడు చూసి తీసేయమన్నాడు. "గాలికి పోయినదాన్ని కాగితానికి ఎక్కిస్తావా?" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. గిరిజ తీసేసింది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఒక సోమవారం షాపు నిండా జనం. గిరిజ ఒకామెను అలవాటుగా అడిగింది. ఆమె ఏడుపు అందుకుంది. ఎంతసేపటికీ ఆపదు. వెనక ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు, ఇద్దరు లేచి ఎదురు షాపుకు పోయారు. నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ అన్నాను: "నీ బిడ్డ పోయాడని ఊళ్ళోవాళ్ళ బిడ్డలనందరినీ తవ్వి తీస్తావా గిరిజా?"

గొణుగుతున్నవాళ్ళు ఆపేశారు. ఏడ్చే ఆమె కూడా ఆపేసింది.

"లేదక్కా. ఇంక అడగను" అంది గిరిజ.

అడగలేదు. నాలుగు నెలలు నోరు మూసుకుని టైపు చేసింది. తర్వాత కామెర్లు వచ్చాయి. రెండు వారాలు కూడా పట్టలేదు, పోయింది. ఆ నాలుగు నెలల్లో "తప్పయింది" అనడానికి నాకు ఎన్ని పొద్దులు దొరికాయో లెక్కలేదు. నాకు వాదించడం వచ్చు. ఆ ఒక్క మాట రాదు.

ఆమె పోయిన నెలన్నరకు కంప్యూటరులో సిస్టం మార్చాల్సి వచ్చింది. ఆఫీసులో కొత్త కన్నడ అక్షరాలు వాడుతున్నారు, అవి మా పాత ఆపరేటింగ్ సిస్టంలో ఎక్కవు. చిక్కబళ్ళాపురం నుంచి మంజునాథ అని ఒకాయన బైకు మీద వచ్చి, పాతదంతా తుడిచేసి, కొత్త సిస్టం ఎక్కించాడు. గిరిజ పేరుతో ఉన్న లాగిన్ కూడా పోయింది. 'ఆఫీస్' అని ఒకే ఒక లాగిన్ పెట్టాడు. ఇక టైపు చేసేది నేనే.

మూడో రోజు ఒక వంశవృక్షం ప్రింటు ఇచ్చాను. ప్రింటరు కాగితం లాగబోయి ఆగింది. లైటు మిణుకుమంది. ఏమీ రాలేదు. మళ్ళీ ఇచ్చాను. శుభ్రంగా వచ్చింది. నేను పట్టించుకోలేదు.

రెండు రోజులకు మళ్ళీ. ఆ వారంలోనే ఇంకోసారి. ప్రతిసారీ ఒకటే తీరు: మొదటిసారి ఆగుతుంది, రెండోసారి వస్తుంది.

దీనికి ఇంత రభస ఎందుకంటారా? మీకు మా జనం తెలియదు. పోయినవాళ్ళ పేరుమీది కాగితం మొదటిసారి రాకుండా ఆగిందంటే అది అపశకునం. ఒకాయన లేచి నిలబడి, "మా నాయనకు ఇష్టం లేదేమో, ఈ పొద్దు వద్దులేమ్మా" అని చెప్పులేసుకుని పోయాడు. పోయి ఎదురు షాపులో చేయించుకున్నాడు. అక్కడ వాళ్ళ నాయనకు ఇష్టమైనట్టుంది. నెల తిరక్కుండానే "ఆయమ్మ షాపులో వంశం ఆగిపోతాది" అని బస్టాండులో చెప్పుకున్నారు. ఆ పని పోతే నాకు షాపు లేదు. అదీ సంగతి.

మంజునాథను పిలిపించాను. ప్రింటరు కేబులు మార్చాడు. డ్రైవరు తీసి మళ్ళీ వేశాడు. అరవై కాగితాలు ప్రయోగానికి కొట్టాడు, ఒక్కటీ ఆగలేదు.

"మిషను బాగానే ఉండాదక్కా. నువ్వే దాన్ని తిట్టింటావు, అలిగిండాది."

"నా తిట్లకు మిషన్లు ఆగేదైతే నీ బైకు ఇక్కడిదాకా వచ్చేదే కాదప్పా."

అప్పుడతను సిస్టం లాగ్ తెరిచి చూపించాడు. కంప్యూటరు తనకు తాను రాసుకునే దినచర్య అది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఏది ప్రింటయింది, ఏది కాలేదు, సెకన్లతో సహా ఉంటుంది. బాగా జరిగిన పనులకు మామూలు గుర్తు, తప్పినవాటికి ఎర్ర గుర్తు. మా ఎర్ర గుర్తులన్నీ వరసగా కనబడ్డాయి. ప్రతి ప్రింటు పక్కనా ఆ కాగితం ఎవరు పంపారో పేరు ఉంటుంది. మామూలువాటికి అన్నింటికీ 'ఆఫీస్' అని ఉంది. ఎర్ర గుర్తులవాటికి పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఎవరూ పంపకుండా ఎట్ల వస్తాదిది?" అని నేనే అడిగాను.

మంజునాథ తల గోక్కున్నాడు. "అదేనక్కా నాకూ తెలీడంలే. మళ్ళీ ఫార్మాట్ చేద్దామా?"

చేశాడు. పాత లాగ్ తుడిచిపెట్టుకుపోతుందని ముందే ప్రింటు తీయించుకున్నాను. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు ఆగింది. మళ్ళీ ఎర్ర గుర్తు, మళ్ళీ ఖాళీ. అతను ఆ తర్వాత నా ఫోను ఎత్తడం తగ్గించాడు.

నేనే మొదలుపెట్టాను. పాత లాగ్ ప్రింటు, కొత్త లాగ్ ప్రింటు రెండూ తీసుకుని, నా పని పుస్తకం పక్కన పెట్టుకున్నాను. ఎవరు, ఏ ఊరు, ఏ కాగితం, ఎన్నింటికి అని అందులో రాసుకునేదాన్ని. ఎర్ర గుర్తులు పదకొండు. పదకొండూ వంశవృక్షాలే. ఒక్క అర్జీ లేదు, ఒక్క అఫిడవిట్టు లేదు. కానీ అన్ని వంశవృక్షాలూ ఆగలేదు, సగానికి పైగా బాగానే వచ్చాయి. సరే, తేడా ఎక్కడ? పేజీ పొడుగు చూశాను. గీతల సంఖ్య చూశాను. కన్నడ ఒత్తులు చూశాను. కరెంటు ఎప్పుడు తగ్గుతుందో చూశాను. పాత ఫైలు మీద పేర్లు మార్చి చేసినవా, కొత్తగా మొదలుపెట్టినవా అని చూశాను. ఏదీ కలవలేదు.

పన్నెండోది మురుగమల్ల దిక్కునుంచి వచ్చిన ఒక రైతుది. తండ్రి పేరుమీది కాగితం. ప్రింటరు ఆగింది. నేను మళ్ళీ ఇవ్వబోతుంటే ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఉండమ్మా. ఒక పాప సంగతి చెప్పలేదు నేను."

"ఏ పాప?"

"నా చెల్లెలు. అమ్మోరు పోసి పోయె. రెండేండ్లది. పోయినసారి మా చిన్నాయన కాగితానికి వస్తే ఇక్కడుండిన అమ్మ అడిగె. నువ్వు అడగలే, నేను చెప్పలే."

నాకు కోపమే వచ్చింది, నిజం చెప్తున్నాను. అయినా ఆ పేరు చేర్చి ఇచ్చాను. ప్రింటు వచ్చింది. రెండోసారి ఎట్లాగూ వస్తుంది కదా, అందులో వింతేముంది అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

కానీ పురుగు తొలచడం మొదలుపెట్టింది. ఆ పదకొండు మందిలో అందుబాటులో ఉన్నవాళ్ళను అడగాలనుకున్నాను. కొందరు ఆఫీసు పనిమీద మళ్ళీ వచ్చారు. కొందరిని సంతలో పట్టుకున్నాను. ఏడుగురితో మాట్లాడాను. ఒకామెకు కవలల్లో ఒకడు. ఒకాయనకు పాము కరిచిన అన్న. ఒకరికి పేరుకూడా పెట్టని ఆడపిల్ల. ఆరుగురు ఉందన్నారు. ఏడో ఆయన మాత్రం, "అడిగేదానికి నువ్వెవరు? నీ టైపు నువ్వు చూసుకో" అని కసిరి పంపించాడు. ఆయన ఇంట్లో ఉందో లేదో నాకు తెలియదు. ఆగకుండా వచ్చినవాళ్ళలో నలుగురిని అడిగాను. నలుగురూ లేరన్నారు.

మీరు అనబోయే మాట నేనే అంటాను. ఆ తరంలో మా పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా ఒక పోయిన బిడ్డ ఉంటుంది. ఏడుగురిలో ఆరుగురు ఉందనడం పెద్ద విశేషం కాదు. నలుగురు లేదనడం కూడా రుజువు కాదు, చెప్పకపోయి ఉండవచ్చు. ఈ వాదనతోనే నేను రాత్రులు నిద్రపోయాను.

సరిగ్గా అప్పుడే మా నాన్న భూమి పని వచ్చింది. నాన్న పోయి ఏడాది దాటింది. బాగేపల్లి దగ్గర మెట్ట భూమి తమ్ముడి పేరుకు మార్చాలి. వాడూ అమ్మా బాగేపల్లిలోనే ఉంటారు. వంశవృక్షం నేనే టైపు చేశాను. పైన నాన్న. కింద అమ్మ. దాని కింద నేను, తమ్ముడు. అంతే, చిన్న చెట్టు.

ప్రింటు ఇచ్చే ముందు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. మా ఇంట్లో పోయిన బిడ్డ లేదు. అది నాకు ఖాయంగా తెలుసు. ఆగిందంటే మెషిన్‌కు రోగం, అంతే. నా ఆరూ నాలుగూ లెక్కలన్నీ చెత్తబుట్టలో వేసి, కొత్త ప్రింటరు కొనుక్కుంటాను.

ఇచ్చాను. ఆగింది.

నేను సంతోషించాను. చేతులు కొట్టి నవ్వాను కూడా. లాగ్ తెరిచాను: ఎర్ర గుర్తు, పేరు చోట ఖాళీ. రెండోసారి ఇచ్చి, వచ్చిన కాగితం సంచిలో పెట్టుకుని, ఆదివారం పొద్దున బాగేపల్లి బస్సెక్కాను.

అమ్మ నడవలో కూర్చుని అనపగింజలు పితుకుతోంది. నానిన గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు బయటికి దూకుతుంది. నేనూ ఎదురుగా కూర్చుని, ఒక చెయ్యి వేసి, నవ్వుతూ కథంతా చెప్పాను. గిరిజను నేనన్న మాట మాత్రం చెప్పలేదు. "చూడమ్మా, మన ఇంటి కాగితానికీ ఆగింది. ఇంక దానికి బుద్ధి ఉందనుకునేది ఎట్ల?" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నీకు ఎవరు చెప్పిరి?"

"ఏం చెప్పేది?"

"మీ నాయన చెప్పినాడా పోయేముందు?"

నాకు అర్థం కాలేదు. అమ్మ గిన్నె పక్కకు జరిపింది. వేళ్ళకున్న తొక్కలు ఒక్కొక్కటీ తీసుకుంది.

"నీకూ వానికీ నడుమ ఒకతి పుట్టె. పందొమ్మిది దినాలుండె. ఆ మాట ఎత్తొద్దనె మీ నాయన. నేను ఎత్తలే."

మాకిద్దరికీ ఆరేళ్ళ తేడా. ఆ ఆరేళ్ళు ఎందుకు వచ్చాయని నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి ఆలోచించలేదు. గణితం చదివినదాన్ని.

"పేరేంటమ్మా?" అన్నాను.

"యాడ పేరు? ఇరవై ఒకటో దినం తొట్లో ఏసి పెడదామంటిమి. అంతలోకే పాయె." గింజల గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "నేను మనసులో పుట్టమ్మ అంటా ఉంటిని. నలభై ఏండ్లాయె. ఒకరన్నా అడిగినారా? ఇప్పుడు నువ్వు అడిగితివి."

నేను అడగలేదు. ఎగతాళి చెయ్యడానికి వచ్చాను. ఆ మాట అమ్మతో చెప్పలేకపోయాను.

తమ్ముడు బయటినుంచి వచ్చి విషయం విని విసుక్కున్నాడు. "ఇప్పుడు అదంతా ఎందుకక్కా? రాస్తే ఆఫీసువాళ్ళు నూరు ప్రశ్నలేస్తారు. భూమి ఖాతా నా పేరుకు కావాల్నా వద్దా?"

"సర్కారు కాగితంలో రాస్తారా?" అని అమ్మ వాణ్ణి కాదు, నన్ను అడిగింది. "నా కిందనే రాస్తారా?"

సోమవారం షాపు తెరిచి, నాకూ తమ్ముడికీ మధ్య ఒక గీత గీశాను. పుట్టమ్మ, పందొమ్మిది దినాలు, మృతి. ప్రింటు ఇచ్చాను. మొదటిసారే వచ్చింది.

తమ్ముడు అన్నట్టే ఆ ఊరి గ్రామ లెక్కాధికారి, పుట్టిన పత్రం లేదు, పోయిన పత్రం లేదు, సాక్ష్యమేదమ్మా అన్నాడు. అమ్మను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. "కన్నతల్లి కూర్చుని ఉంది. ఇంకే సాక్ష్యం కావాలప్పా నీకు? అడుగు" అన్నాను. ఆయన ఆమె మొహం చూసి, అడగకుండానే సంతకం పెట్టాడు. అమ్మకు కన్నడం చదవను రాదు. ఏ వరస అని అడిగి, దాని మీద వేలు పెట్టి, బస్సు వచ్చేదాకా ఆ వేలు తీయలేదు.

ఆ రోజునుంచి నేను అందరినీ అడిగాను. ప్రింటు ఇచ్చే ముందు, ఒక్కసారి. మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. ఎర్ర గుర్తు మళ్ళీ పడలేదు. జనం మెల్లగా తిరిగి వచ్చారు, షాపు నిలబడింది. కొన్నేళ్ళకు ఆ మెషిన్ పాడై పాత సామాన్లవాడికి పోయింది. ఆ లాగ్ ప్రింటు తీసిన కాగితాలు రెండు నా దగ్గర ఉన్నాయి. కంప్యూటరు చదివిన పిల్లలకు చూపించాను. ఒకడు మెమరీ తప్పన్నాడు, ఒకడు ఫాంటు తప్పన్నాడు. అట్లయితే వంశవృక్షాలే ఎందుకు, అవి కూడా కొన్నే ఎందుకు అంటే కాగితాలు తిరిగి ఇచ్చేశారు. నిజం తేలాలంటే ఆ మెషిన్ ఉండగానే ఒకరిని అడగకుండా ప్రింటు ఇచ్చి చూసి ఉండాల్సింది. ఎదురుగా కూర్చున్న ఏ తల్లి మీద ఆ ప్రయోగం చెయ్యను? నా వల్ల కాలేదు.

ఒకసారి సాదలి పోయాను. గిరిజ మొగుడు పట్టుపురుగుల గూళ్ళు పెట్టే తట్టలు ఎండకు ఆరబెడుతున్నాడు. బిడ్డ పేరేమిటని అడిగాను. ఎనిమిది దినాల బిడ్డకు పేరేమిటన్నాడు. నేను తిరిగి వస్తుంటే వెనకనుంచి పిలిచాడు. "ఆయమ్మ ఏదో ఒకటి అంటా ఉండెనక్కా. నాకు గుర్తుకు రావడంలే" అన్నాడు.

దెయ్యాలు లేవని ఈ పొద్దుకీ వాదిస్తాను, ఎవరైనా రండి. ఆ ప్రింటరు ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఎనిమిదేళ్ళు ఒక్క బల్ల దగ్గర కూర్చున్నాం. వచ్చినవాళ్ళందరినీ ఆమె అడిగింది. ఆమెను నేను అడగలేదు. ఆ బిడ్డ పేరూ నాకు తెలియదు.